ఒక్కరోజు విశాఖ చూడాలంటే: టిఫిన్ ఎక్కడ, తిరగడం దేనిలో

మా ఇల్లు అక్కయ్యపాలెంలో. రైల్వే స్టేషనూ, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండూ రెండూ దగ్గరే. అందుకని పొద్దున రైలు దిగి రాత్రికి తిరిగి వెళ్లిపోయే చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ముందుగా నాకే ఫోను చేస్తారు. అడిగేవి రెండే సంగతులు. టిఫిన్ ఎక్కడ బాగుంటుంది? తిరగడానికి బస్సు మేలా, ఆటో మేలా, కారు మాట్లాడుకోవాలా? మొదట్లో నేనూ ఈ రెండింటికీ వేరువేరుగా జవాబు చెప్పేవాణ్ని. మంచి పెసరట్టు దొరికే చోటు చెప్పి, ఆ తర్వాత బస్సు నంబరు చెప్పేవాణ్ని. ఆ పద్ధతిలోనే ఒకరోజు మా పెద్దమ్మ వాళ్లను చాలా ఇబ్బంది పెట్టాను.

పెద్దమ్మ, పెదనాన్న బొబ్బిలి నుంచి వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటింది. పేరున్న హోటల్లో టిఫిన్ పెట్టించాలన్న ఉత్సాహంతో స్టేషన్ నుంచి ఊరి ఆ చివరకు తీసుకెళ్లాను. బల్ల ఖాళీ అయ్యేదాకా అరగంటకు పైగా నిలబడ్డాం. తిన్నాక సింహాచలం వెళ్లాలంటే వచ్చిన దారినే మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది. కొండ మీద దర్శనం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రం ఆర్కే బీచ్‌కు చేరితే జలాంతర్గామి మ్యూజియం మూసి ఉంది. ఆ రోజు సోమవారం. పెదనాన్న దాన్ని చూడాలనే బయలుదేరారు. ఏమీ అనలేదు. కంచె బయట నిలబడి చాలాసేపు చూసి, "ఇంకోసారి వద్దాంలేరా" అన్నారు. ఆ ఇంకోసారి రావడానికి రెండేళ్లు పట్టింది.

అప్పటి నుంచి నా సలహా మారింది. ముందు ఏ వైపు వెళ్లాలో తేల్చుకోండి. టిఫిన్ ఆ దారిలో ఉన్నచోట తినండి. బండి కూడా ఆ దారిని బట్టే ఎంచుకోండి. ఊళ్లో అన్నిటికన్నా మంచి ఇడ్లీ కోసం ఎదురు దిక్కుకు పోతే, ఒక్కరోజు ప్రయాణంలో అందుకు రెండు గంటలు చెల్లించాల్సి వస్తుంది.

దారి తేలితే సగం పని అయినట్టే

తూర్పున సముద్రం, దక్షిణాన ఓడరేవు, దాని పక్కన డాల్ఫిన్ నోస్ కొండ, పడమర, ఉత్తర దిక్కుల మధ్య సింహాచలం కొండలు. వీటి నడుమ గుండ్రంగా పెరిగే వీలు లేక విశాఖ పొడుగ్గా సాగింది. ఉత్తరానికి పోయే పెద్ద దారులు రెండు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ బీచ్, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఎర్రమట్టి దిబ్బల పక్కగా భీమిలి చేరే బీచ్ రోడ్డు ఒకటి. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. మధ్యలో కైలాసగిరి, దాని వెనక కొండల వరుస. ఒక దారి నుంచి మరో దారికి మారే చోట్లు కొన్నే.

సింహాచలం దిక్కు వేరు. స్టేషన్ నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం మీదుగా పడమటికి వెళ్లాలి. అయితే బయటివాళ్లకు అంతగా తెలియని దారి ఒకటుంది. హనుమంతవాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం చేరే దారి. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం నుంచి సముద్రం అనుకునేవాళ్లు కొండ దిగాక ఇటుగా వస్తే ఊరి నడిబొడ్డు రద్దీలో పడకుండా నేరుగా హనుమంతవాకకు వచ్చేస్తారు. అక్కడి నుంచి జూ పార్కు, కైలాసగిరి, బీచ్ అన్నీ దగ్గరే.

కాబట్టి ఒక్కరోజులో సాధ్యమయ్యేవి రెండు రకాలు. రోజంతా సముద్రం వెంట భీమిలి వైపు పోవడం ఒకటి. పొద్దున సింహాచలం, సాయంత్రం ఆర్కే బీచ్ మరొకటి. రెండూ పూర్తిగా చూడాలని ఆశపడితే రెండూ సగం సగమే మిగులుతాయి. అరకును ఇందులోకి లాగకండి. అది నూరు కిలోమీటర్లు దాటిన ఘాట్ ప్రయాణం, దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

ఎక్కడ దిగాలన్నది కూడా ఎంపికే

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైళ్లు తెల్లవారేసరికి విశాఖ స్టేషన్‌లో దింపుతాయి. ఒక్కరోజు పర్యటనకు ఇంతకన్నా అనువైన రాక లేదు. స్టేషన్‌లో డబ్బు కట్టే వెయిటింగ్ హాల్లో ముఖం కడుక్కుని, సంచులు క్లోక్ రూములో పెట్టి బయటపడవచ్చు. సంచికి తాళం ఉంటేనే అక్కడ తీసుకుంటారు, చిన్న తాళం ఒకటి వెంట తెచ్చుకోండి.

కొన్ని దూరప్రాంతపు రైళ్లు విశాఖ స్టేషన్‌కు రావు, దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన రైలు ముందుకు పోవాలంటే ఇంజిన్ రెండో వైపు తగిలించుకుని వచ్చిన వైపే వెనక్కి కదలాలి. ఆ ఆలస్యం తప్పించుకోవడానికే ఈ ఏర్పాటు. టికెట్ తీసుకునేటప్పుడే ఏ స్టేషనో చూసుకోండి. దువ్వాడ నుంచి నగరం నడిబొడ్డు 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దువ్వాడలో దిగితే ఆకలి ఆపుకొని ఊళ్లోకి పరుగెత్తకండి. కూర్మన్నపాలెం కూడలికో, గాజువాకకో వచ్చి అక్కడే తినండి. ఉక్కు కర్మాగారంలోనూ చుట్టుపక్కల పరిశ్రమల్లోనూ పొద్దున షిఫ్టుకు వెళ్లేవాళ్ల వల్ల ఆ వైపు టిఫిన్ పొయ్యిలు చీకటితోనే వెలుగుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి బస్సులో వచ్చేవాళ్లది సుఖమైన పరిస్థితి. బస్సు మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం దాటుకుంటూ కాంప్లెక్స్‌కు వస్తుంది. ముందుగా రుషికొండ చూడాలనుకుంటే కాంప్లెక్స్ దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం ఎందుకు? ఎండాడలో దిగి ఆటో ఎక్కితే సరిపోతుంది. మా అత్తవారిది విజయనగరం కాబట్టి ఈ సలహా లెక్కలేనన్నిసార్లు చెప్పాను.

టిఫిన్: నాలుగు రకాల చోట్లు

విశాఖ టిఫిన్ అంటే ప్రత్యేకంగా ఒక వంటకం పేరు చెప్పలేను. ఇడ్లీ మీద నెయ్యి, కారప్పొడి. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. పూరీలోకి కొన్నిచోట్ల బంగాళాదుంప కూర, కొన్నిచోట్ల శనగపిండితో చేసే బొంబాయి చట్నీ. మైసూరు బజ్జీ, గారె, అదృష్టం బాగుంటే అంచులు ఎర్రగా కాలిన దిబ్బరొట్టె. వేసవిలో చోడి అంబలి కుండలు రోడ్డు పక్కకు వస్తాయి. మిగతా చోట్ల రాగులు అనే వాటినే ఉత్తరాంధ్రలో చోళ్లు అంటాం. మజ్జిగ కలిపిన అంబలి గ్లాసెడు తాగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కొరికితే ఎండలో మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. ఏ హోటల్ టిఫిన్ కన్నా ముందు నేను దానికే ఓటు వేస్తాను, పిల్లలు మాత్రం ఒప్పుకోరు.

మొదటి రకం స్టేషన్ చుట్టుపక్కల చిన్న హోటళ్లు. రైల్వే న్యూ కాలనీ, దొండపర్తి వైపు పది నిమిషాలు నడిస్తే దొరుకుతాయి. రుచిలో గొప్పతనం వెతకవద్దు. తెల్లవారుజామునే తెరుస్తాయి, వేడిగా పెడతాయి, పావుగంటలో బయటపడతారు. సింహాచలానికి తొందరగా వెళ్లాలనుకునేవాళ్లకు నేను ఇవే చెబుతాను. ఇక్కడ ఇడ్లీ తినండి, దోసె కోసం ఆగకండి. తెల్లవారి మొదటి గంటలో పెనం ఇంకా కుదురుకోదు.

రెండో రకం కాంప్లెక్స్, ద్వారకానగర్, ఆసీల్‌మెట్ట చుట్టూ ఉన్న కూర్చుని తినే హోటళ్లు. సాయిరాం పార్లర్ లాంటి ఊరందరికీ తెలిసిన చోట్లు ఈ వైపే ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల విద్యార్థులు, కార్యాలయాలకు పోయేవాళ్లు, బస్సు దిగినవాళ్లు అందరూ ఇక్కడికే చేరతారు కాబట్టి పిండి నిలవ ఉండదు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబానికి కుర్చీ, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి రుచికన్నా ముఖ్యం. ఒక్కరోజు ప్రయాణంలో ఆ సంగతి మధ్యాహ్నానికి బాగా తెలిసివస్తుంది. పైగా తిన్నాక ఏ దిక్కుకైనా బస్సు దొరికే చోటు కాంప్లెక్సే. దారి ఇంకా తేల్చుకోలేనివాళ్లు కూడా ఇక్కడ తింటూ తేల్చుకోవచ్చు.

ఉప్మా పెసరట్టు తినాలంటే ఈ చుట్టుపక్కలే తినండి, వీలైతే పెనం కనిపించే చోట నిలబడి చూడండి. మాస్టరు కాలిన పెనం మీద నీళ్లు చిలకరించి చిన్న చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తాడు. ఆవిరి చల్లారకముందే పచ్చని పిండి గరిటెతో పోసి మధ్య నుంచి అంచుకు తిప్పుతాడు. పైన అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిపాయ చల్లి, అరచేతి వెడల్పు గరిటెతో మెల్లగా అదుముతాడు. అలా అదమకపోతే మడత పెట్టేటప్పుడు ముక్కలన్నీ రాలిపోతాయి. అంచుల చుట్టూ నూనె వేశాక పెసరపిండి కాలిన కమ్మని వాసన వస్తుంది. అప్పుడు ఉప్మా మధ్యలో పెట్టి మడుస్తాడు. మినప్పిండి కలిపితే అట్టు మెత్తగా వంగుతుంది, పెసలే అయితే అంచు విరుగుతుంది. నాకు విరిగేదే ఇష్టం. కానీ ఒక హెచ్చరిక. ఇది బరువైన టిఫిన్. తినగానే కొండదారి మలుపులెక్కేవాళ్లు ఉప్మా లేకుండా ఒట్టి పెసరట్టు చెప్పడం మంచిది.

మూడో రకం తోపుడు బండ్లు, కాలనీల్లో ఉండే చిన్న టిఫిన్ సెంటర్లు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, సిరిపురం వైపు ఇవి చాలా ఉన్నాయి. ఎంవీపీ కాలనీలో ఉషోదయ కూడలి దగ్గర వాసెన పోలి అనే చోట చిరుధాన్యాల ఇడ్లీని ఆకు పొట్లాల్లో ఉడికించి పెడతారు. కుండ మూతికి గుడ్డ కట్టి, దాని మీద పిండి పెట్టి ఆవిరికి ఉడికించడం మన పాత పద్ధతి. ఆ గుడ్డనే వాసెన అంటారు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే, మీ దారి బీచ్ వైపైతే, నేను తప్పకుండా అక్కడికే పంపుతాను. ఉషోదయ నుంచి సముద్రం ఆటోలో కొద్ది నిమిషాల దూరమే. అదే మీ దారి సింహాచలమైతే దాని కోసం ప్రత్యేకంగా వెళ్లవద్దు.

బండి ఎంచుకోవడంలో నాకు ఒకే ఒక్క గుర్తు. చట్నీ పాత్ర చూడండి. పెద్ద పాత్రలో అడుగంటిన చట్నీ కన్నా, చిన్న పాత్రలో మళ్లీ మళ్లీ నింపే చట్నీ ఉన్న బండి నమ్మదగింది. నీళ్లు మాత్రం మీ సీసాలోవే తాగండి.

నాలుగో రకం బీచ్ రోడ్డు హోటళ్లు. సముద్రం చూస్తూ తినడానికి బాగుంటుంది, అందుకే ధర కూడా ఎక్కువ. చాలావాటిలో వడ్డన ఆలస్యంగా మొదలవుతుంది. తెల్లవారి దిగినవాళ్లకు ఇవి పనికిరావు. దీనికన్నా నేను చెప్పేది మరొకటుంది. ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేస్తారు. రైలు దిగగానే టీ మాత్రం తాగి, నేరుగా అక్కడికి వెళ్లి సూర్యోదయం చూసి ఓ గంట నడవండి. ఆకలి పుట్టాక ద్వారకానగర్‌కో, ఎంవీపీకో వచ్చి తినండి. ఈ ఊరిని అంత ప్రశాంతంగా చూసే అవకాశం రోజులో మళ్లీ రాదు. ఆటోవాళ్లకు ఈ ఆంక్షలు తెలుసు, దగ్గరి వీధి దాకా తీసుకెళ్లి దింపుతారు.

డబ్బు చూసుకుని తిరిగే విద్యార్థులకు అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచాక టిఫిన్ 5 రూపాయలకే పెడుతున్నారు. ఇడ్లీ, పూరీ, ఉప్మా లాంటివి రోజును బట్టి మారుతుంటాయి. పొద్దున ఏడున్నర నుంచి పది దాకానే దొరుకుతాయి.

పాత నగరం సంగతి వేరుగా చెప్పాలి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారిని చూడాలనుకుంటే పూర్ణా మార్కెట్ వైపు టిఫిన్ చేసి నడిచి వెళ్లండి. అక్కడి సందుల్లోకి కారు తీసుకెళ్లడం వృథా శ్రమ. మార్గశిర మాసంలో గురువారాలు మాత్రం భక్తుల వరసలు చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ రోజు దర్శనం పెట్టుకుంటే మిగతా కార్యక్రమాలన్నీ వదులుకోవడానికి సిద్ధపడాలి.

సింహాచలం వెళ్లేవాళ్లలో చాలామంది దర్శనం అయ్యేదాకా ఏమీ తినరు. అలాంటివాళ్లు స్టేషన్ నుంచి నేరుగా కొండకు పోయి, దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుని, కొండ దిగువ హోటళ్లలో టిఫిన్ చేయడమే మంచి క్రమం.

తిరగడానికి ఏది?

విశాఖకు మెట్రో రైలు ఇంకా రాలేదు. కాబట్టి సిటీ బస్సు, డబుల్ డెక్కర్, షేర్ ఆటో, సొంతంగా మాట్లాడుకునే ఆటో, యాప్‌లో పిలిచే బండి, రోజంతా కారు. ఇవే మన చేతిలో ఉన్నవి.

సిటీ బస్సును బయటినుంచి వచ్చినవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు ఎక్కి ఎడమ వైపు కాకుండా కుడి వైపు కిటికీ పక్కన కూర్చుంటే, సముద్రం మీ పక్కనే వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు కూర్చోవాలి. ఆ దృశ్యం కారులో కింద కూర్చుంటే సగమే కనిపిస్తుంది. కైలాసగిరికి 10కె, సింహాచలానికి 28 నంబరు బస్సులు పాత అలవాటు. భీమిలికే వెళ్లే 999 మాత్రం రహదారి మీదుగా పోతుంది, సముద్రం చూడాలనుకునేవాళ్లు దాన్ని ఎక్కి నిరాశపడతారు. ఒకే ఊరి పేరు బోర్డు మీద ఉన్నా దారి వేరు కావచ్చు. అందుకని నంబరు చూశాక కూడా "బీచ్ రోడ్డు మీదుగానేనా అండీ?" అని కండక్టరును ఒక్కమాట అడిగి ఎక్కండి.

ఆంధ్రప్రదేశ్ మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. రాష్ట్రంలో నివాసం చూపే గుర్తింపు కార్డు వెంట ఉండాలి. విజయనగరం నుంచి నలుగురు ఆడవాళ్లు వస్తే రోజు మొత్తం ప్రయాణ ఖర్చు దాదాపు సున్నా. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన తెలంగాణ కుటుంబానికి ఈ లెక్క పనిచేయదు. మనిషికో టికెట్ చొప్పున నాలుగు మార్లు బస్సు మారే ఖర్చును ఆటో ఖర్చుతో పోల్చి చూసుకోవాలి.

బస్సుకున్న లోపం వేచి ఉండటం. ఆర్కే బీచ్ దాకా ఇబ్బంది ఉండదు. రుషికొండ దాటాక బస్సుకూ బస్సుకూ మధ్య విరామం పెరుగుతుంది. తొట్లకొండలో రోడ్డు మీద దిగితే కొండ పైకి నడక కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ నడక పెద్దవాళ్ల వల్ల కాదు.

ఈ లోటు తీర్చేలా 2025 ఆగస్టు చివర్లో బీచ్ రోడ్డు మీద విద్యుత్ డబుల్ డెక్కర్ బస్సులు మొదలయ్యాయి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా తిరుగుతాయి. ఒక టికెట్‌తో 24 గంటల పాటు నచ్చిన చోట దిగి, చూసి, తర్వాత వచ్చే బస్సు ఎక్కవచ్చు. మొదలుపెట్టినప్పుడు 500 రూపాయల టికెట్‌లో సగం ప్రభుత్వం భరించి 250కి ఇస్తామని ప్రకటించారు. సముద్రం రోజు పెట్టుకున్న ఇద్దరు ముగ్గురికి, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లకు ఇది నా మొదటి ఎంపిక. మూడు నాలుగు చోట్ల దిగే ఉద్దేశం ఉంటేనే టికెట్ గిట్టుబాటు అవుతుంది. ఒక్క రుషికొండ కోసమే అయితే మామూలు బస్సు చాలు. భీమిలి దాకా పోవాలన్నా మామూలు బస్సే.

షేర్ ఆటో చిన్న దూరాలకు మంచిది. కాంప్లెక్స్ నుంచి మద్దిలపాలెం, ఎన్‌ఏడీ నుంచి గాజువాక లాంటి తిన్నని దారుల్లో చేయి ఎత్తితే ఆగుతుంది. సామాను, చిన్నపిల్లలు ఉంటే వద్దు. నలుగురు కూర్చున్న సీటులో ఐదో మనిషిని సర్దమంటారు.

సొంతంగా ఆటో మాట్లాడుకునేవాళ్లు మీటరు మీద ఆశ పెట్టుకోవద్దు. యాప్‌లో ఆ దూరానికి ఎంత చూపిస్తోందో ముందు చూడండి. రాపిడో, ఓలా, ఊబర్ ఈ ఊళ్లో తిరుగుతాయి. ఆ అంకె మనసులో పెట్టుకుని మాట్లాడితే బేరం గౌరవంగా తేలుతుంది. చూసి వచ్చేదాకా ఆగి ఉండాలా, తిరిగి స్టేషన్‌లో దింపాలా అన్నది ఎక్కకముందే చెప్పండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. అయితే ముగ్గురికే ఆటో. ఐదుగురిని ఒకే ఆటోలో కుక్కి బీచ్ రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్లు పోవడం నేను ఎవరికీ చెప్పను.

యాప్‌లో పిలిచే బండికి రుషికొండ దాకా ఇబ్బంది లేదు. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి వైపు వెళ్లాక తిరుగు ప్రయాణానికి బండి దొరకడం కష్టం. సాయంత్రం రైలు ఉన్నవాళ్లు అక్కడ దొరుకుతుందన్న నమ్మకంతో ఉండవద్దు. అటు వెళ్లేవాళ్లు రానూపోనూ కలిపి మాట్లాడుకోవాలి, లేదా బస్సు వేళ చూసుకోవాలి.

నలుగురు, ఐదుగురు ఉండి, అందులో పెద్దవాళ్లుంటే రోజంతా కారు మాట్లాడుకోవడమే నయం. గంటలకూ కిలోమీటర్లకూ కలిపి ధర చెబుతారు. ఘాట్ లేని నగర ప్రయాణమేనని ముందే చెప్పండి. పెదనాన్న వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు నేను చేసింది ఇదే. స్టేషన్ పక్కనే రెండు ఇడ్లీలు, కాఫీ. ఏడింటికల్లా సింహాచలం. దర్శనం అయ్యాక అడవివరం, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం, కాసేపు నడుం వాల్చడం. ఆ తర్వాత ఆర్కే బీచ్.

ఈసారి శనివారం. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుని, మరుసటి ఏడాది మ్యూజియంగా తెరుచుకుంది. పొడవు 91 మీటర్లు. మనిషి వంగి దాటాల్సిన గుండ్రని తలుపులు లోపల వరుసగా ఉంటాయి. పెదనాన్న మోకాళ్లు నొప్పులున్నా ఒక్కో తలుపు దగ్గరా ఆగి, అంచు పట్టుకుని, కాలు ఎత్తి పెట్టి దాటారు. నావికుల పడకలు చూసి, "ఇంత ఇరుకులో నెలల తరబడి ఎలా పడుకున్నారో" అని రెండుసార్లు అన్నారు. మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లు లోపలికి వెళ్లేముందు ఈ తలుపుల సంగతి గుర్తుంచుకోండి. రోడ్డుకు అవతలే టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. కురుసుర, జూ పార్కు రెండింటికీ సోమవారం సెలవు. మీరు వచ్చేది సోమవారమే అయితే రుషికొండ, తొట్లకొండ, భీమిలి దారి పెట్టుకోండి.

మీకు ఏది నప్పుతుంది?

ఒంటరిగానో ఇద్దరుగానో వచ్చే యువకులైతే బండి మీద ఇడ్లీ, 900కె బస్సు. రోజు మొత్తానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అయితే ద్వారకానగర్‌లో కూర్చుని టిఫిన్, అక్కడి నుంచి బీచ్ దాకా ఆటో, ఆపై డబుల్ డెక్కర్. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు దిగిన చోటే తేలికగా తిని, కారు మాట్లాడుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎవరైనా సరే పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట ఉండే కార్యక్రమం పెట్టుకోవద్దు. ఇక్కడ ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ అలసట తెస్తుంది.

కొన్ని తేదీల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం. స్వామి నిజరూపం ఏడాదికి ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, బీచ్ రోడ్డు, రహదారి కూడా నడిచేవాళ్లతో నిండిపోతాయి. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఆర్కే బీచ్‌లో పెట్టిన రోజున, అంతకుముందు రిహార్సళ్లు జరిగే సాయంత్రాలు అటు వైపు వాహనాలు మళ్లిస్తారు. ఆ వేడుకల కోసమే వచ్చేవాళ్లు రావచ్చు. ఊరు చూడాలనుకునేవాళ్లు వారం అటో ఇటో జరుపుకోండి.

తిరుగు రైలు రాత్రిదైతే బీచ్ నుంచి రైలు సమయానికి గంటన్నర ముందే బయలుదేరండి. దూరం నాలుగైదు కిలోమీటర్లే అయినా జగదాంబ కూడలి సాయంత్రం ఎంతసేపు పట్టి ఉంచుతుందో చెప్పలేం. స్టేషన్‌కు ఆటో ఎక్కేటప్పుడు ముందు వైపో, జ్ఞానాపురం వైపో స్పష్టంగా చెప్పండి. మీ రైలు ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫారం మీదుంటే జ్ఞానాపురం గేటు నుంచి దగ్గర. కానీ సంచులు క్లోక్ రూములో పెట్టి ఉంటే ముందు వాటిని తీసుకోవాలి కదా, అప్పుడు ముందు వైపే దిగండి.